హాబీస్: లిజనింగ్ టు మ్యూజిక్.. సరే, ఏం విన్నారు?

వంద మంది ఫ్రెషర్ల రెజ్యూమేలు మీ ముందు పెడితే, చివరి లైన్ చదవకుండానే చెప్పేయొచ్చు. 'హాబీస్: లిజనింగ్ టు మ్యూజిక్'. సీనియర్ ఇచ్చిన ఫార్మాట్‌లో పేరు మారుతుంది, సీజీపీఏ మారుతుంది, ప్రాజెక్ట్ టైటిల్ కూడా ఒక్కోసారి మారుతుంది. ఆ లైన్ మాత్రం బ్యాచ్‌లు దాటుకుంటూ అలాగే వస్తుంటుంది.

మా ఆఫీసులో ఫ్రెషర్ల ఇంటర్వ్యూలప్పుడు నన్నూ ప్యానెల్‌లో కూర్చోబెడుతుంటారు. టెక్నికల్ ప్రశ్నలు అయ్యాక నేను ఆ చివరి లైన్ మీదే ఒకటి అడుగుతా. 'ఈ మధ్య ఏం విన్నారు? ఎలా ఉంది?' అని. అప్పటిదాకా డేటాబేస్ నార్మలైజేషన్ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పిన అబ్బాయి ఒక్కసారిగా ఆగిపోతాడు. 'మెలొడీస్ సార్' అంటాడు. ఎవరివి అంటే 'అందరివీ సార్'. ఎందుకు నచ్చాయంటే 'బాగుంటాయి సార్'. అమ్మాయిలైనా అంతే, 'సార్' అనే తీరు కొంచెం మారుతుంది.

ఇది జనరల్ నాలెడ్జ్ ప్రశ్న కాదని వాళ్లకు తెలుసు. తప్పు జవాబంటూ లేదనీ తెలుసు. ఇబ్బంది అక్కడే. తప్పు జవాబు లేని ప్రశ్నకు మనం ప్రిపేర్ కాలేదు. 'టాప్ 50 హెచ్‌ఆర్ క్వశ్చన్స్' వీడియో అందరం చూశాం. 'మీ వీక్‌నెస్ ఏంటి' అంటే 'నేను పర్ఫెక్షనిస్ట్‌ని' అని అందరం చెబుతాం. ఇప్పుడు ఏఐ వచ్చాక ఆ జవాబుల ఇంగ్లిష్ కూడా ఒకేలా నున్నగా తయారైంది. బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే మనిషితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నమ్మండి.

ఉద్యోగం వేటలో ఉన్న మీకు నేనిచ్చే సలహా కొంచెం వింతగానే ఉంటుంది. వారానికి ఒక ఆల్బమ్ వినండి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా, అది ఉన్న వరుసలోనే. విన్నాక ఒక తీర్పు చెప్పండి. ఆ తీర్పుకు కారణం ఆల్బమ్‌లోంచే చూపించండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, కానీ ఎక్కడ నచ్చలేదో చెప్పండి.

ఖాళీ టైంలో నేను ఫోన్లు, ఇయర్‌ఫోన్ల మీద బ్లాగ్ రాస్తుంటాను. 'కెమెరా సూపర్' అని రాస్తే ఎవరూ చదవరు. 'హాస్టల్ కారిడార్ ట్యూబ్‌లైట్ కింద ఫొటో తీస్తే ముఖాలు పసుపు పచ్చగా వస్తున్నాయి' అని రాస్తే చదువుతారు, కింద నాతో గొడవ కూడా పడతారు. రెండో వాక్యం రాయాలంటే ఫోన్ పట్టుకుని కారిడార్‌లోకి వెళ్లాలి. మొదటిదానికి ఫోన్ కూడా అక్కర్లేదు. సంగీతం గురించి మనం సాధారణంగా చెప్పేది మొదటి రకం.

మరి పాటలు వింటున్నాం కదా, ఆల్బమ్ ఎందుకు అంటారేమో. పాట తర్వాత పాటను యాప్ ఇస్తుంది. నిన్న మీరు ఆపకుండా విన్నదాన్ని బట్టి ఇవాళ అలాంటిదే ఇంకొకటి. అలా ఏడాది గడిచేసరికి మీ ప్లేలిస్ట్, మీ రూమ్మేట్ ప్లేలిస్ట్ ఒకటే. ఆల్బమ్ అలా కాదు. ఏది ముందు, ఏది చివర, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అని ఎవరో కూర్చుని నిర్ణయించిన విషయం. కెండ్రిక్ లమార్ అనే అమెరికన్ ర్యాపర్ 2017లో 'డ్యామ్' అని 14 ట్రాకుల ఆల్బమ్ చేశాడు. అదే ఏడాది చివర్లో ఆ 14 ట్రాకులనే వెనక నుంచి ముందుకు పేర్చి మళ్లీ విడుదల చేశాడు. కథ అర్థం మారిపోతుంది. ఆ ఆల్బమ్‌కు 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది. క్లాసికల్, జాజ్ కాకుండా వేరే సంగీతానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. ఆ యాస మొదట్లో చెవికి ఎక్కదు, లిరిక్స్ పక్కన పెట్టుకుని వినాల్సిందే. నాకు వెనక నుంచి వినడమే నచ్చింది.

మన సినిమాల్లో ఈ 'ఆల్బమ్' అనేది మెల్లగా మాయమైంది. మా అన్నయ్యల కాలంలో క్యాసెట్ కొంటే రెండు వైపులా వినాల్సి వచ్చేది. ఇప్పుడు ఫస్ట్ సింగిల్, సెకండ్ సింగిల్, లిరికల్ వీడియో. 2020 సంక్రాంతికి వచ్చిన 'అల వైకుంఠపురములో' మొదటి పాట 2019 సెప్టెంబర్‌లోనే బయటికి వచ్చేసింది. తమన్‌కు జాతీయ అవార్డు తెచ్చిన ఆల్బమ్ అది, పాటలు బాగున్నాయి, కాదనను. కానీ అవి ఒక్కొక్కటిగా గెలవడానికి తయారైనవి. పక్కపక్కన పెట్టి వింటే ఒకదానికొకటి సంబంధం లేని ఐదారుగురు టాపర్లు ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు ఉంటుంది. 2007 నాటి 'హ్యాపీ డేస్' పెట్టుకుని చూడండి. మిక్కీ జె. మేయర్ సౌండ్ మొదటి నుంచి చివరి దాకా ఒకే క్యాంపస్‌లో తిరుగుతున్నట్టు ఉంటుంది. ఒక్కో పాటగా చూస్తే తమన్ పాటలు బలమైనవి. ఆల్బమ్‌గా చూస్తే నా ఓటు 'హ్యాపీ డేస్'కే.

ఇక మనం ఉన్న చోటు సంగతి. కంది అనగానే బయటివాళ్లకు ఐఐటీ హైదరాబాద్ గుర్తొస్తుంది. 2008లో ఎద్దుమైలారంలో తాత్కాలికంగా మొదలై, 2015లో కందికి వచ్చింది. కానీ ఆ గేటు ముందున్న హైవే మీద షేర్ ఆటో ఎక్కి పటాన్‌చెరు వైపు వెళ్తే వినిపించే సంగీతం ఏ క్యాంపస్ ఫెస్ట్‌లోనూ వినిపించదు. డ్రైవర్ తెలంగాణ ఫోక్ డీజే పెడతాడు. ఇస్నాపూర్‌లో ఎక్కిన వాళ్ల ఫోన్లో భోజ్‌పురి. పాశమైలారం షిఫ్ట్ దిగినవాళ్ల దగ్గర ఒడియా. వెనక సీట్లో ఇంజినీరింగ్ పిల్లల ఇయర్‌ఫోన్లలో అనిరుధ్. ఒక్క ఆటోలో నాలుగు లోకాలు. ఎవరి చెవి వాళ్లదే. ఇంత సంత మధ్యలో ఉంటూ కూడా యాప్ ఇచ్చిందే వింటున్నాం.

కంది స్టేజీలో బస్సెక్కితే లింగంపల్లి చేరేలోపు ఒక ఆల్బమ్ అయిపోతుంది. పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్ ఆగిందంటే రెండోది మొదలవుతుంది. నేను విన్నవాటిలో ఎక్కువ ఆ దారిలో విన్నవే. కొన్నిటి గురించి చెబుతాను. ఇది 'తప్పక వినాల్సిన పది' లిస్ట్ కాదు. నా తీర్పులు మాత్రమే.

ఇళయరాజాతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇంటర్వ్యూల్లో ఎక్కువ మంది చెప్పే పేరు అదే. ఆయన పేరు చెప్పేవాళ్లలో ఎంతమంది 'హౌ టు నేమ్ ఇట్' విన్నారు? 1986లో వచ్చింది. సినిమా లేదు, హీరో లేడు, మాటలు కూడా లేవు. త్యాగరాజుకూ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ అంకితం ఇచ్చిన పది ఇన్‌స్ట్రుమెంటల్స్. ముందు వరుసలో వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ఉంటుంది. ఒక ట్రాక్ పేరు 'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్'. బాఖ్ రాసిన వయొలిన్ ముక్క ఒకటి నడుస్తుంటే, దాని చుట్టూ రాజా తన వరసలు అల్లుతారు. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ల కోసం గొంతు తగ్గించుకోరు. 'ఫ్యూజన్' పేరుతో మనం వినేవాటిలో ఎక్కువ భాగం తబలా పక్కన గిటార్ పెట్టడమే. ఇక్కడ జరిగేది వేరు. పడమటి పద్ధతిలో రెండు మూడు గొంతులు ఒకేసారి వేర్వేరు దారుల్లో నడుస్తాయి, ఆ గొంతులకు మన రాగం భాష. సీఎస్ఈ వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, కాపీ పేస్ట్ చేసిన కోడ్‌కూ, రెండు సిస్టమ్‌లు అర్థం చేసుకుని రాసిన కోడ్‌కూ ఉన్న తేడా. ఒక కంప్లైంట్ కూడా ఉంది. వెనక వినిపించే డ్రమ్స్, బేస్ కొన్నిచోట్ల 80ల సినిమా పాటలోంచి లేచి వచ్చినట్టు ఉంటాయి. అవి లేకుండా తీగ వాయిద్యాలు మాత్రమే ఉంటే బాగుండేదని ప్రతిసారీ అనుకుంటా.

ఈసీఈ వాళ్లు వదలకూడని ఆల్బమ్ ఒకటుంది. చరణ్‌జీత్ సింగ్ అని బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే ఆయన. 1982లో ఆయన అప్పుడే కొత్తగా వచ్చిన మూడు రోలాండ్ మెషిన్లు ముందేసుకున్నాడు. డ్రమ్స్‌కు టీఆర్-808, బేస్‌కు టీబీ-303, స్వరాలకు జూపిటర్-8. వాటి మీద పది రాగాలు వాయించాడు. ఆల్బమ్ పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ టీబీ-303 కథ తెలుసా? బేస్ గిటార్ వాయించే మనిషి లేకపోయినా గిటారిస్టులు ప్రాక్టీస్ చేసుకోవడానికని రోలాండ్ తయారుచేసింది. దాని శబ్దం బేస్ గిటార్‌లా లేదు. మూడేళ్లలో తయారీ ఆపేశారు. సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరుకుతుంటే షికాగో కుర్రాళ్లు కొని, నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పి, 1987లో 'యాసిడ్ హౌస్' అనే డ్యాన్స్ సంగీతాన్ని బయటికి తెచ్చారు. 2010లో చరణ్‌జీత్ సింగ్ రికార్డు మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఉలిక్కిపడింది. ఐదేళ్ల ముందే బొంబాయిలో అచ్చం అలాంటి శబ్దం! 'యాసిడ్ హౌస్‌ను కనిపెట్టింది ఇండియన్' అని హెడ్‌లైన్లు వచ్చాయి. నేను ఆ హెడ్‌లైన్‌ను ఒప్పుకోను. షికాగో వాళ్లు ఈ రికార్డు వినలేదు, ఈయన దారి వేరు, వాళ్ల దారి వేరు. ఒకే మెషిన్ ఇద్దరి చేతిలో పడితే రెండు దారులూ ఒకచోట కలిశాయి, అంతే. నాకు అదే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది. స్వరం నుంచి స్వరానికి జారే గుణం 303కి ఉంది. మన రాగానికి కావాల్సిందీ కొంతవరకు అదే. డేటాషీట్‌లో ఆ సంగతి రాసి ఉండదు.

ఆల్బమ్ ఎలా ఉందంటే, మొదటి నాలుగు ట్రాకులు అద్భుతం. ఆరోదానికి వచ్చేసరికి బీట్ ఏమాత్రం మారదని తెలిసిపోతుంది, కాస్త విసుగొస్తుంది. అప్పుడు ఒక ఆట ఆడండి. ఇందులో భూపాలి మన మోహనం. మాల్కౌంస్ మన హిందోళం, త్యాగరాజ కీర్తన 'సామజవరగమన' ఉన్న రాగం. ఇంట్లో అమ్మమ్మకో, సంగీతం నేర్చుకున్న అక్కకో వినిపించి రాగం పేరు అడగండి. డిస్కో బీట్ వెనక నుంచి వాళ్లు పట్టుకుంటారో లేదో చూడండి.

ఎలక్ట్రానిక్ సంగీతం నచ్చితే జర్మనీ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ 'కంప్యూటర్ వరల్డ్' (1981) వినండి. అరగంట పైన నాలుగు నిమిషాలు. పోలీసుల దగ్గరా, బ్యాంకుల దగ్గరా మన వివరాలు పోగుపడటం గురించి, పాకెట్ కాలిక్యులేటర్ గురించి పాటలు. ఇంట్లో కంప్యూటర్ అనేది ఇంకా వింతగా ఉన్న రోజుల్లో చేశారు. ఒక్క శబ్దం కూడా అనవసరంగా లేదు. నాకు తెలిసి ఇంత శుభ్రమైన ఇంజినీరింగ్ ఉన్న ఆల్బమ్ ఇంకొకటి లేదు.

మెటల్ అంటే అరుపులని కొట్టిపారేసే వాళ్లకు మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' (1986). పాశమైలారంలో ప్రెస్ షాపు ముందు నుంచి ఎప్పుడైనా నడిచి వెళ్లారా? బయటికి అంతా మోత. లోపల మాత్రం ప్రతి దెబ్బకూ ఒక లెక్క, చెయ్యి ఎక్కడ ఉండాలో ఒక లెక్క. ఈ ఆల్బమ్ అలాంటిదే. అరుపులు ఇబ్బందైతే 'ఓరియన్' అనే ట్రాక్‌తో మొదలుపెట్టండి, దాంట్లో పాటే లేదు, ఎనిమిది నిమిషాలు వాయిద్యాలే. అది నచ్చాక మిగతావాటిలోకి రావచ్చు. అయినా నచ్చకపోతే వదిలేయండి, లోకం ఏమీ మునిగిపోదు.

జాజ్ గురించి చాలామందికి భయం, అది పెద్ద హోటళ్ల లిఫ్టుల్లో వినిపించే సంగీతం అనుకుంటారు. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959లో రెండు రోజుల సెషన్లలో రికార్డయింది. వాయించేవాళ్లకు ఆయన పెద్దగా రిహార్సల్ పెట్టలేదు, స్వరాల వరస చూపించి 'కానివ్వండి' అన్న పద్ధతి. కార్డ్‌లు గబగబా మార్చుకుంటూ పోయే జాజ్ నుంచి పక్కకు జరిగి, ఒక స్వరాల వరసలో స్థిమితంగా తిరగడం ఇందులో కొత్త. రాగాలాపన విన్న చెవికి ఇది పరాయిగా అనిపించదు, అందుకే జాజ్‌లోకి మన గుమ్మం ఇదే అంటాను. అందరూ మొదటి ట్రాక్‌ను పొగుడుతారు. నాకు మూడోది, 'బ్లూ ఇన్ గ్రీన్'. ఐదున్నర నిమిషాలు. రాత్రి షిఫ్ట్ బస్సులో కిటికీ పక్కన వినాల్సింది అది.

ఆ రికార్డింగ్ జరిగింది న్యూయార్క్‌లో ఒకప్పటి చర్చిని స్టూడియోగా మార్చిన చోట. అదే స్టూడియోలో, అంతకు నాలుగేళ్ల ముందు, 1955లో, గ్లెన్ గూల్డ్ అనే 22 ఏళ్ల కెనడా కుర్రాడు బాఖ్ 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్' పియానో మీద వాయించాడు. మీ వయసే. ఒక్క రికార్డుతో ప్రపంచానికి తెలిసిపోయాడు. అందరూ అక్కడితో కథ ఆపేస్తారు. అసలు కథ 26 ఏళ్ల తర్వాత ఉంది. 1981లో అదే స్టూడియోకి తిరిగొచ్చి అదే రచనను మళ్లీ రికార్డు చేశాడు. మొదటిది 38 నిమిషాల పైచిలుకు. రెండోది 51 నిమిషాలు దాటుతుంది. కొన్ని భాగాలు రెండోసారి తిప్పి వాయించడం వల్ల కొంత సమయం పెరిగింది, మిగతాది మాత్రం ఆయన మారడం వల్ల. మొదటి 'ఆరియా' రెండు రికార్డుల్లోనూ వినండి, రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. 1955లో పని తొందరగా పూర్తిచేసి చూపించాలన్న కుర్రాడు. 1981లో ఒక్కో స్వరాన్ని పట్టుకుని తూచి వదిలే మనిషి. ఆ రెండో ఆల్బమ్ బయటికొచ్చిన కొద్ది రోజులకే, 1982లో, 50 ఏళ్లకు చనిపోయాడు. పాశ్చాత్య క్లాసికల్ గురించి నాకు తెలిసింది తక్కువ, కానీ ఈ రెండూ పక్కపక్కన వింటే ఎవరైనా తీర్పు చెప్పగలరు. నాకు 1955దే ఇష్టం. వేగంలో కూడా వేళ్లు తడబడవు. నలభై దాటాక మాట మారుస్తానేమో చూడాలి.

మనవాళ్ల సంగతికొస్తే మాండొలిన్ యు. శ్రీనివాస్. పాలకొల్లులో పుట్టి, కర్ణాటక సంగీతానికి పనికిరాదనుకున్న మాండొలిన్‌ను ఎలక్ట్రిక్‌గా మార్చుకుని కచేరీ వేదిక ఎక్కించినవాడు. 2014లో 45 ఏళ్లకే పోయాడు. మైఖేల్ బ్రూక్‌తో కలిసి 1995లో చేసిన 'డ్రీమ్' బయటి దేశాల్లో బాగా తెలుసు. నా మాట అడిగితే అందులో గాలి ఎక్కువ, మాండొలిన్ తక్కువ. చుట్టూ అల్లిన ఎలక్ట్రానిక్ శబ్దాల్లో ఆయన గమకం తడిసిపోతుంది. ఆయన కచేరీ రికార్డింగులే వినండి.

ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ 2000లో చేసిన ఆల్బమ్ పేరు 'కందిసా'. పేరు చూసి మన ఊరి వాళ్లేనా అనుకున్నవాళ్లు మా గ్యాంగ్‌లో ఉన్నారు! అది కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థనలోని అరమాయిక్ మాట. పాడుతూ బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణ టాక్సికాలజీలో పీహెచ్‌డీ చేసి, నర్మదా ఉద్యమంలో తిరిగి, తర్వాత బ్యాండ్‌లోకి వచ్చాడు. 'మా రేవా' పాట ఆ నది దగ్గరి నుంచే వచ్చింది. 'కోర్సు ఒకటి, పని ఇంకొకటి' అని ఇంట్లో తిట్లు తింటున్నవాళ్లు ఆయన పేరు వాడుకోవచ్చు. మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కూడా అనంతపురంలో ఇంజినీరింగ్‌లో చేరి, టైఫాయిడ్ వల్ల మానేసినవారే.

క్యూబా ముసలివాళ్ల ఆల్బమ్ 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్' గురించి ఒక్క ముక్క. 1996లో ఆఫ్రికాలోని మాలి సంగీతకారులను హవానాకు పిలిపించి రికార్డు చేద్దామని ప్లాన్. వాళ్లు రాలేకపోయారు. స్టూడియో బుక్ అయిపోయింది. చేసేది లేక అక్కడి పాత కళాకారులను వెతికి పట్టుకొచ్చారు. ఇబ్రహీం ఫెర్రర్ అప్పటికే పాట మానేసి కూర్చున్నాడు, వయసు 69. కాంపాయ్ సెగుండోకు 88. ఆరు రోజుల్లో అయిపోయింది, తర్వాత గ్రామీ వచ్చింది. ఈ కథ తెలిసి వింటే పాటలు ఇంకా బాగుంటాయి, తెలియకపోయినా బాగుంటాయి. ఆఫర్ వచ్చి జాయినింగ్ డేట్ రాని వాళ్లకు నేను ముందుగా పంపేది ఇదే.

చివరగా 2023లో వచ్చిన 'బలగం'. భీమ్స్ సంగీతం. క్లైమాక్స్‌లో బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య పాడింది విని ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి, సరే. ఏడుపు పక్కన పెట్టి సంగీతంగా వినండి. భార్యాభర్తల గొంతుల మధ్య ఎవరు ఎప్పుడు అందుకుంటున్నారో గమనించండి. ఒకరి మాట పూర్తిగా ఆగకముందే రెండోవాళ్లు అందుకుంటారు, ఖాళీ ఉండదు. ఇది స్టూడియోలో నేర్పితే వచ్చేది కాదు. వాళ్లు ఇళ్ల ముందు ఏళ్ల తరబడి పాడిన అలవాటు. 'ఫోక్' అంటే స్పీకర్ పగిలే డీజే బీట్ అనుకుంటున్న మన షేర్ ఆటో చెవులకు ఇది మంచి మందు.

ఇదంతా చదివి 'ఇంటర్వ్యూలో మైల్స్ డేవిస్ పేరు పడేస్తే సెలెక్ట్ చేస్తారా' అని అడక్కండి. చెయ్యరు. పేరు పడేసి, తర్వాతి ప్రశ్నకు నీళ్లు నమిలితే ఉన్నది కూడా పోతుంది. చాలా ప్యానెళ్లు ఈ ప్రశ్న అసలు అడగవు. డీఎస్ఏ రాకపోతే ఏ ఆల్బమూ గట్టెక్కించదు. కానీ అడిగే ప్రశ్నలు వేరే రూపంలో వస్తాయి. 'ఈ రెండు డిజైన్లలో ఏది మంచిది, ఎందుకు?' 'మా యాప్ వాడారా, ఏం నచ్చలేదు?' 'మీ ప్రాజెక్టులో ఈ లైబ్రరీయే ఎందుకు తీసుకున్నారు?' వీటికి కూడా 'బాగుంటుంది సార్' అనే జవాబే వస్తోంది. ఒకదాన్ని పూర్తిగా చూసి, తీర్పు చెప్పి, కారణం చూపించడం మనకు ఎక్కడా అలవాటు కాలేదు. నాలుగేళ్లూ పక్కవాడి రికార్డు చూసి రికార్డు రాశాం. ఎవరూ మార్కులు వెయ్యని చోట ఆ అలవాటు మొదలుపెట్టడం తేలిక. పైగా ఖర్చు లేదు. పైన చెప్పినవాటిలో చాలా వరకు యూట్యూబ్‌లోనే ఉన్నాయి.

నేను పాటించే పద్ధతి ఇది. షఫుల్ ఆపేస్తాను. మొదటిసారి ఏమీ రాసుకోను, రివ్యూలు చదవను. రెండోసారి ఫోన్ నోట్స్‌లో నాలుగు లైన్లు. ఏ ట్రాక్ ఎన్నో నిమిషంలో చెవి లేచింది? ఎక్కడ ఫోన్ వైపు చెయ్యి వెళ్లింది? వాళ్లు ఏం చెయ్యాలనుకున్నారు? చెయ్యగలిగారా? ఆ తర్వాతే ఎవరేం రాశారో చదువుతాను. వరస మారిస్తే పని జరగదు. ముందే ఐదు స్టార్లు చూశాక మనకూ ఐదు స్టార్లే వినిపిస్తాయి. ఆ నాలుగు లైన్లు తెలుగులోనే రాసుకోండి, తర్వాత ఒకసారి ఇంగ్లిష్‌లో పైకి చెప్పి చూడండి. స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌లో 'మై ఫేవరెట్ ఫెస్టివల్' కంటే ఇది బాగా పనికొస్తుంది.

ఇక గొడవకు ఒక విషయం వదిలి వెళ్తాను. పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' (1973). ప్రతి ఇంజినీరింగ్ హాస్టల్‌లో ఆ ప్రిజం బొమ్మ టీషర్ట్ వేసుకున్నవాడు ఒకడుంటాడు. అబీ రోడ్ స్టూడియోలో అలన్ పార్సన్స్ చేసిన సౌండ్ ఇంజినీరింగ్ గొప్పది, గడియారాల శబ్దాలు, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి అతుకు కనపడకుండా వెళ్లడం, అన్నీ ఒప్పుకుంటా. క్లేర్ టోరీ మాటల్లేకుండా పాడే భాగం వింటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ డబ్బు మీద పాట వచ్చేసరికి నాకు ఆల్బమ్ చల్లబడిపోతుంది. అప్పటిదాకా ఊహకు వదిలేసిన విషయాలను అక్కడి నుంచి విడమరిచి చెప్పడం మొదలుపెడతారు. నాలుగుసార్లు విన్నాను, నాలుగుసార్లూ అక్కడే. 43 నిమిషాలు. ఆ టీషర్ట్ వేసుకున్న మీ ఫ్రెండ్‌ను అడగండి, పూర్తిగా విన్నాడో లేదో. విని ఉంటే, నేను ఏ నిమిషంలో తప్పో చెప్పమనండి.